మంద రంగు, కాపరి జీతము
(ధ్యాన భాగములు: ఆదికాండము 30:25–43, నెహెమ్యా 5:14–19)



లాబాను మందను కాచిన యాకోబునకు ఏర్పడిన జీతపు ఒప్పందము మనలో అనేకులకు తెలిసినదే. పొడలు, మచ్చలు గలవి యాకోబువి, తక్కినవి మామగారివి. మామ ఆ జీతమును పదిమార్లు మార్చెనని యాకోబు తన భార్యలతో మొరపెట్టుకొనెను. అయితే ఒక సంగతి గమనింపుడి. పొడలుగలవి జీతమన్నప్పుడు మంద పొడలుగల పిల్లలనే యీనెను. చారలుగలవి జీతమన్నప్పుడు చారలుగలవాటినే యీనెను. ఇది దేవుని కార్యమని యాకోబే ఒప్పుకొనెను, మనమును అట్లే నమ్ముచున్నాము. కాని యాకోబు చేసినదియు అక్కడనే వ్రాయబడియున్నది. బలమైనవి చూలుకట్టునప్పుడు చువ్వలను వాటి కన్నులయెదుట ఉంచెను. బలహీనమైనవి వచ్చినప్పుడు ఉంచలేదు. కడపట బలిసినవి యాకోబునకును బక్కవి లాబానునకును దక్కెను. మామచేత మోసపోయినవానిని మనము నిందింపము. అయినను జీతము దేనిమీద కట్టుదుమో కాపరి కన్ను దానిమీదనే యుండునని పశువులు కాచు ఇండ్లవారికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఇప్పుడీ సంగతి గొఱ్ఱెలతో ఆగలేదు. పెద్ద కంపెనీలకు యజమానులు లక్షలమంది వాటాదారులు. వారెవ్వరును కార్యాలయమునకు పోయి పని చూడలేరు. కావున నడుపువానికి నెలజీతముతోపాటు లాభములో వంతును, కంపెనీ వాటాలను ఇచ్చినయెడల అతడు తన సొంత పొలమువలె చూచుకొనునని తలంచిరి. 1993లో అమెరికా ప్రభుత్వము, పెద్ద అధికారి జీతములో పది లక్షల డాలర్లకు మించిన సొమ్మును పన్ను లెక్కలో ఖర్చుగా చూపరాదని చట్టము చేసి, పని ఫలితమునుబట్టి ఇచ్చు సొమ్మును మాత్రము విడిచిపెట్టెను. జీతములు తగ్గుననుకొనిరి. తగ్గలేదు; ఆ విడిచిన ద్వారముననే సొమ్మంతయు ప్రవహించెను. 2017లో ఆ ద్వారము మూసిరి. ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ వారి లెక్కప్రకారము, 1965లో అక్కడి పెద్ద కంపెనీల అధిపతి సామాన్య పనివానికంటె సుమారు 20 రెట్లు పుచ్చుకొనెను. ఈ కాలమున అది 200 రెట్లు దాటియున్నది.

దీనిని మన పాలి సేద్యముతో పోల్చువారున్నారు గాని పోలిక సరిపడదు. పాలికాపు పంట పండిన సగము తినును, పంట పోయిన పస్తుండును. ఈ అధికారులకు పలుమార్లు ఇచ్చునది వాటా కాదు, ముందుగా నిర్ణయించిన ధరకు వాటా కొనుక్కొను హక్కు. ధర పెరిగిన లాభము వారిది. పడిన హక్కు మానుకొందురు, నష్టము వాటాదారునిది. పైగా ఫలితము ఎవరి చేతిపని? మేరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ములైనాథన్ అను ఇద్దరు ఆర్థికవేత్తలు 2001లో ప్రచురించిన వ్యాసమున చమురు కంపెనీల సంగతి చూపిరి. లోకములో చమురు ధర పెరిగినప్పుడెల్ల వాటి అధిపతుల జీతములును పెరిగెను. ధర పెంచినది వారు కారు. వానలు బాగుగా కురిసిన యేట పాలేరు తన నాగలినిబట్టి కురిసెనని అదనపు గింజలు అడిగిన మనమేమందుము?

ఇంతకంటె బరువైన కీడు క్రిందివారికి కలుగుచున్నది. అమెరికాలోని వెల్స్ ఫార్గో అను బ్యాంకు 1852లో స్థాపింపబడినది. ఒక్కొక్క కుటుంబమునకు ఎనిమిది రకముల ఖాతాలు, కార్డులు, ఋణములు అంటగట్టవలెనని దాని గురి. ఆ లెక్కను ఆ బ్యాంకు మూడు నెలలకొకసారి వాటాదారులకు ఘనముగా ప్రకటించుచుండెను. శాఖలలోని గుమాస్తాలకు టార్గెట్లు పెట్టిరి. అందుకొన్నవానికి బహుమానము, అందనివానికి ఉద్యోగభయము. తుదకు గుమాస్తాలు ఖాతాదారులు ఎఱుగకుండ వారి పేర ఖాతాలు తెరచి, లేని ఇ-మెయిల్ చిరునామాలు వ్రాసి, ఒక ఖాతాలోని సొమ్ము మరియొక దానిలోనికి మార్చిరి. పొడలు జీతమన్నారు, మంద పొడలనే యీనినది!

2016 సెప్టెంబరులో ప్రభుత్వ శాఖలు 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా వేసెను. అనుమతి లేకుండ తెరచినవి 35 లక్షల వరకు ఉండవచ్చునని మరుసటి యేడు లెక్క తేలెను. అంతకుముందు అయిదేండ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగులను తీసివేసిరి. 2015లో ఒక కోటి 93 లక్షల డాలర్లు పొందిన అధిపతి జాన్ స్టంఫ్ 2016 అక్టోబరులో దిగిపోయెను. ఆయనకు రావలసిన వాటాలలో 4 కోట్ల 10 లక్షల డాలర్ల విలువగలవి పోయెను. మరుసటి యేడు మరి 2 కోట్ల 80 లక్షలు వెనుకకు తీసికొనిరి. 2020లో బ్యాంకు ఉద్యోగము మరి చేయరాదని ఆయనను నిషేధించిరి. న్యాయము జరిగినదనవచ్చును. అయితే చిన్నవారు ముందు పోయిరి, పెద్దవాడు కడపట పోయెను. మన పిల్లలు పట్టణములలో టార్గెటు ఉద్యోగములకు పోవుచున్నారు గనుక దీనిని వ్రాయుచున్నాము. నెలాఖరున ఇంటికి ఫోను చేసి మాటలాడలేక ఊరకుండు బిడ్డను సోమరి యనకుడి. ఏ లెక్క నింపుమని అతనిని ఒత్తుచున్నారో మెల్లగా అడుగుడి.

ఈ వ్యాధి దూరదేశముది మాత్రమే కాదు. 2010లో సూక్ష్మ ఋణముల కంపెనీల వారపు వసూళ్లు మన ఊళ్లలో ఎంత దుఃఖము పుట్టించెనో, ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వసూలు పంచాయతీ కార్యాలయమునందో బహిరంగ స్థలమునందో జరుగవలెనని ఏల శాసింపవలసివచ్చెనో పెద్దలకు జ్ఞాపకమే. 2013 నాటి కంపెనీల చట్టము డైరెక్టర్ల మొత్తము ప్రతిఫలమునకు నికర లాభములో నూటికి 11 అను హద్దు పెట్టినది. వాటాదారులు తీర్మానించి దానిని దాటవచ్చును. స్టాకు మార్కెట్టులో నమోదైన కంపెనీ తన డైరెక్టరు జీతము నడిమి ఉద్యోగి జీతమునకు ఎన్ని రెట్లో ప్రకటింపవలెననియు ఉన్నది. ప్రకటించుట మంచిదే. సిగ్గుపడువాడు ఉన్నయెడల ఇంకను మంచిది.

పనివాడు జీతమునకు పాత్రుడు కాడా, నూర్చెడి యెద్దు మూతికి చిక్కము వేయుదుమా యని కొందఱు అడుగుదురు. వేయరాదు. కాని ఆ ఆజ్ఞ యెద్దు ఆకలి తీర్చుటకు ఇయ్యబడినది, కళ్లమంతయు దానికి వ్రాసియిచ్చుటకు కాదు. మరియు కొన్ని పనులకు తలకింత అని వెల కట్టిన పనియే చెడును. బాప్తిస్మమునకు ఇంత అని సంఘము పాదిరికి జీతము కట్టినయెడల చెరువులో ఎందఱు దిగుదురో, వారిలో ఎందఱు మరుసటి ఆదివారము గుడిలో ఉందురో మేము చెప్పనేల?

నెహెమ్యా యూదా దేశమున పండ్రెండు సంవత్సరములు అధికారిగా నుండెను. ముందున్న అధికారులు ప్రజలయొద్ద ఆహారము, ద్రాక్షారసము, నలువది తులముల వెండి లాగిరి. వారి పనివారును ప్రజలమీద దొరతనము చేసిరి. నెహెమ్యా ఆ భత్యము ముట్టలేదు. నూటయేబదిమంది ఆయన బల్లయొద్ద భుజించుచుండగా, దినమునకు ఒక యెద్దు, ఆరు మంచి గొఱ్ఱెలు, కోళ్లు సిద్ధపడుచుండగా, ప్రజల భారము బరువుగా ఉన్నదని ఆయన తనకు రావలసినది అడుగలేదు. రాజునకు పానదాయకుడుగా నుండి వచ్చినవాడు గనుక ఆయనకు అది సులభమని కొందఱందురు. కావచ్చును. కాని గోడ కట్టించుచు ఆయన ఒక్క పొలమైనను సంపాదింపలేదు. ఆయన పనివారందఱును అక్కడ గోడ పనిలోనే యుండిరి. ఆ గోడ ఏబదిరెండు దినములలో ముగిసెను.