కేజీ రాయి

గోదావరి డెల్టాలోని ఒక ఊళ్లో కిరాణా కొట్టు. కొట్టాయన సంఘ పెద్ద కూడా. ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే. తక్కెడలో ఆయన వాడే కేజీ రాయిలో ఒక గుట్టుంది. ఇనప రాళ్ల గుంటలో సీసం పోసి, దాని మీద తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేస్తారు కదా, ఈయన ఆ సీసాన్ని తవ్వేసి, మైనం నింపి, మసి పూశాడు. కేజీకి 40 గ్రాములు మిగులు. అంటే పిడికెడు బియ్యం.

అదే వీధిలో ఒక మామ్మ. రోజూ సాయంత్రం కోడలు వెళ్లి కేజీ బియ్యం తెచ్చేది. మామ్మ దగ్గర పాత సత్తు డబ్బా ఒకటి ఉంది. సరిగ్గా కేజీ పోస్తే అంచుదాకా రావాలి. కోడలు తెచ్చినవి ఎప్పుడూ పిడికెడు వెలితే. మొదట సణిగింది, తర్వాత దెప్పింది, నాలుగో ఏటికి ‘పుట్టింటికి చేరేస్తున్నావా?’ అని ముఖం మీదే అడిగేసింది.

ఆ ఏడాది శ్రమదినాల కూడికల్లో ఒక రాత్రి కొట్టాయన గుండె కరిగింది. నటన కాదు, నిజంగానే కరిగింది. భోరున ఏడ్చాడు. ఇంటికొచ్చి, పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో ఆ రాయిని పాతిపెట్టి, ముద్ర ఉన్న కొత్త రాయి బయటికి తీశాడు. చాలా కాలానికి ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే కోడలు మాటలు పడలేక పుట్టింటికి వెళ్లిపోయింది. సాయంత్రం మామ్మే సంచి పట్టుకొచ్చింది. బియ్యం తీసుకెళ్లిన పావుగంటకే డబ్బాతో తిరిగొచ్చి, దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టింది.

“చూడు నాయనా! ఇవాళ నేనొచ్చి తీసుకెళ్తే అంచుదాకా వచ్చాయి. ఇన్నాళ్లూ నా పిడికెడు తిన్నదెవరో తేలిపోయిందా?”

కొట్టు ముందున్న అయిదారుగురూ తలలూపారు. కొట్టాయన డబ్బాలోకి చూశాడు. గింజలు అంచుకు సమంగా, ఎవరో అరచేత్తో చదును చేసినట్టున్నాయి. తప్పుడు రాయి ఆ పిల్ల మీద అనుమానమే పుట్టించింది. మంచి రాయి నేరం రుజువు చేసింది. ఆయన నోరు విప్పలేదు.

ఆ రాత్రి పలుగు తీసుకుని కొబ్బరి చెట్టు దగ్గరికి వెళ్లాడు.

తెల్లారాక మామ్మ అరుగు మీద మట్టి అంటిన ఆ రాయి పెట్టి, సంగతంతా చెప్పాడు. లెక్క కూడా చెప్పాడు: ఏడాదికి 14 కిలోల పైచిలుకు, నాలుగేళ్లకు 58, దానికి అయిదో వంతు కలిపితే 70. రిక్షాలో బియ్యం తెచ్చానన్నాడు. మామ్మ బస్తా వైపు చూడనైనా లేదు.

“బియ్యం సరే. ఆ పిల్లని నేనన్న మాటలు ఏ రాయితో తూస్తావు నాయనా?”

బస్సెక్కి కోడలి పుట్టింటికి గంటన్నర ప్రయాణం చేశాడు. గుమ్మంలో నిలబడి మళ్లీ అంతా చెప్పాడు. కోడలు రాయి అందుకుని తిరగేసి, గుంటలో బొటనవేలు పెట్టి చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

“మా నాన్న పొలంలో ఉన్నాడు బాబాయిగారూ, పిలుచుకొస్తాను. ఆయన ముందు ఇంకోసారి చెప్పండి” అంది.

చెప్పాడు.

దొంగ తూకం పాపమన్న ముక్క చెప్పడానికి ఇంత కథ అక్కర్లేదు. నా లెక్కలో నీతి కొబ్బరి చెట్టు దగ్గర ఉంది. కొట్టాయన కన్నీళ్లు నిజం, తప్పు మానేయడమూ నిజం. అయినా అప్పటికి ఆయన పశ్చాత్తాపం ఆయనకూ దేవుడికీ మధ్య గుట్టుగానే ఉంది. ఆ గుట్టు ఖరీదు ఇంకొకరు చెల్లిస్తున్నారు. మన సంఘాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు మానేసిన సారా గురించి, చుట్టల గురించి గొంతెత్తి చెబుతారు. తక్కెడ గురించి, గట్టు జరిపి కలుపుకున్న పొలం గురించి చెప్పినవాళ్లను నేను పెద్దగా వినలేదు.

తెలుగు బైబిల్లో పశ్చాత్తాపం, మారుమనస్సు అని రెండు మాటలున్నాయి. మొదటిది తర్వాత పుట్టే వేడి. మత్తయి సువార్తలో యూదా 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చిన చోట వాడిన మాట అదే. ఆ వేడిలో అతను కాలిపోయాడు. రెండోది ఆ వేడితో దారి మళ్లడం. యెరికోలో మేడిచెట్టెక్కిన జక్కయ్య అలా మళ్లినవాడే. అక్రమంగా తీసుకున్న సొమ్మును తనంతట ఒప్పుకుంటే మోషే ధర్మశాస్త్రం అడిగేది అసలు, దాని మీద అయిదో వంతు. గొర్రెను దొంగిలించి కోసేసినవాడికి మాత్రం నాలుగింతలు. జక్కయ్య ఆ దొంగ లెక్కనే తనకు వేసుకున్నాడు, పైగా ఆస్తిలో సగం పేదలకన్నాడు. అయితే ఇదంతా క్షమాపణ కొనుక్కోవడానికని అనుకుంటే పొరపాటు. లెక్కల ఊసు రాకముందే యేసు అతణ్ని చెట్టు దిగమని, ఇవాళ నీ ఇంట్లోనే నా బస అన్నాడు.

కొండమీది ప్రసంగంలో ఇంకో మాట ఉంది. బలిపీఠం దగ్గర నీ మీద సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణను అక్కడే వదిలి వెళ్లి సమాధానపడి రమ్మంటాడు. విన్నవాళ్లలో గలిలయవాళ్లు చాలామంది. బలిపీఠమేమో యెరూషలేములో, కాలినడకన సుమారు మూడు రోజుల దారి. తెచ్చిన మేకపిల్లను అక్కడే కట్టేసి, ఊరికెళ్లి, పొరుగువాడి గుమ్మం తట్టి, మళ్లీ అంత దూరమూ నడిచి రావాలి. మన కొట్టాయనకు బస్సయినా దొరికింది.