ఇతరములు

ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర, పాశమైలారం వైపు తిరిగే రోడ్డుకి కాస్త ఇవతల మా అద్దె ఇల్లు. కొన్ని రాత్రులు పదకొండు దాటాక ఒక వాసన వస్తుంది. కుళ్ళిన గుడ్డులా ఉందని ఒకరంటారు, కాలిన ప్లాస్టిక్ అని ఇంకొకరు. కిటికీలు మూసేసి పడుకుంటాం. ఫిర్యాదు రాయాలని చాలాసార్లు అనుకున్నాను గానీ ఇన్నాళ్ళూ రాయలేదు. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా టీమ్‌కి ఒక పని వచ్చింది. జనం రాసే అర్జీలను మెషీన్ లెర్నింగ్‌తో చదివించి పన్నెండు విభాగాల్లోకి సర్దాలి: నీళ్ళు, రోడ్లు, కరెంటు, ఆరోగ్యం, కాలుష్యం, ఇలా. పన్నెండోది ‘ఇతరములు’. పని కొత్తదేం కాదు. 1961లోనే మారన్ అనే అమెరికన్ పరిశోధకుడు 405 సాంకేతిక వ్యాసాల సారాంశాలు తీసుకుని, వాటిలోని మాటల్ని బట్టి అవి 32 విభాగాల్లో దేనికి చెందుతాయో సంభావ్యతతో తేల్చే పద్ధతి ప్రచురించాడు. ఇవాళ్టి మోడల్స్ ఎంత పెద్దవైనా ఈ పనిలో అడిగే ప్రశ్న అదే: ఈ కాగితం ఏ డబ్బాలోది?

మోడల్‌కి నేర్పాలన్నా, దాన్ని పరీక్షించాలన్నా ముందు మనుషులు కూర్చుని లేబుళ్ళు పెట్టాలి. అందులో నేనూ ఒకణ్ణి. ఒక అర్జీ దగ్గర ఆగిపోయాను. వివరాలు కొంత మార్చి చెప్తాను. బోరు నీళ్ళు పచ్చగా వస్తున్నాయి, పాపకి ఒంటినిండా దద్దుర్లు, ఆస్పత్రికి తిరగడంలో కూలి పోతోంది, ఇంటి ఓనర్‌ని అడిగితే ఖాళీ చెయ్యమంటున్నాడు. నేను ‘కాలుష్యం’ అన్నాను. ఒక కొలీగ్ ‘నీళ్ళు’ అన్నాడు, ఇంకొకామె ‘ఆరోగ్యం’ అంది. నాలుగో మనిషిని అడిగాం, ఆయనా ‘నీళ్ళు’ అన్నాడు. అదే ఖాయం చేశాం. ఆ తర్వాత పరీక్షలో మోడల్ ‘నీళ్ళు’ అంటే దానికి మార్కు, ‘ఆరోగ్యం’ అంటే తప్పు. మేం గొప్పగా చెప్పుకున్న ఆక్యురసీ, మా ఓటింగుతో మోడల్ ఎంతవరకు ఏకీభవించిందన్న లెక్క.

ఇంకో చిక్కుంది. మేం వాడిన సాఫ్ట్‌మాక్స్ సూత్రంలో పన్నెండు విభాగాలకీ వచ్చే అంకెలు కలిపితే సరిగ్గా ఒకటి కావాలి. నీళ్ళకి ఎక్కువిస్తే మిగతావాటికి తగ్గాల్సిందే. అంటే పాప దద్దుర్లు బోరు నీళ్ళతో పోటీ పడాలి. ఇలా కాకుండా ఒక్కో విభాగాన్నీ విడిగా ‘ఉందా, లేదా’ అని అడిగే పద్ధతి కూడా ఉంది. కోడ్‌లో పెద్ద మార్పేం కాదు. మీటింగ్‌లో ఆ మాటే అన్నాను. “ఇద్దరు ఆఫీసర్ల దగ్గరికి వెళ్ళిన ఫైలుకి ఎవరూ జవాబుదారీ కారు” అన్నారు. తీసిపారేసే మాట కాదది. కానీ ఒకటి అర్థమైంది. మా పన్నెండు లేబుళ్ళూ అర్జీల్లోంచి పుట్టినవి కావు, ఆఫీసు గదుల్లోంచి పుట్టాయి.

లైబ్రరీలకీ ఇదే ఇబ్బంది. ఒక పుస్తకం ఒక అరలోనే ఉండగలదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణలో, విషయాన్ని ముందే కట్టిన గడిలోకి తొయ్యకుండా, దాని ముఖాల్ని విడదీసి మళ్ళీ కలిపి సంఖ్య రాశారు. అర్జీకి ఆ అర ఇబ్బంది కూడా లేదు, ఎన్ని కాపీలైనా తీయొచ్చు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసునే తీసుకోండి. నీళ్ళు, పొలాలు, మనుషుల ఆరోగ్యం, అన్నీ కలిస్తేనే ఆ కేసు. ముక్కలు చేస్తే ఏ ముక్కా సంగతంతా చెప్పదు.

తపాలా సెక్షన్‌లో గుమాస్తా కూడా ఇలాగే సర్దేవాడు, తప్పులూ చేసేవాడు. కాకపోతే అర్జీదారు ఎదురుగా ఉంటే “అది కాదు సార్” అనొచ్చు. ఆ చోటు కొంతైనా మిగలాలని ఒక ఏర్పాటు చేశాను: మోడల్ ఇచ్చిన అంకె 0.7 కన్నా తక్కువైతే మనిషి చదవాలి. కొన్ని వారాల్లోనే మనుషుల దగ్గర కుప్ప పెరిగింది. 0.4కి దించమన్నారు. ఆ మార్పుకి అప్రూవల్ ఇచ్చింది నేనే. ఎవరికో అన్యాయం చెయ్యాలని మాలో ఎవరూ అనుకోలేదు, ఒక అంకె మారిందంతే. తప్పెవరిదంటే మోడల్‌దని చెప్పడం నాకు చాలా తేలిక. అందుకే ఆ జవాబుని నేను నమ్మను.

మొన్న రాత్రి మళ్ళీ వాసన. ఫోన్ తీసి అర్జీ మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే ‘కాలుష్యం’ అన్న మాట వచ్చేలా చూసుకున్నాను. మా అమ్మ ఆయాసం గురించి ఒక వాక్యం రాసి, చెరిపేశాను, ‘ఆరోగ్యం’ వైపు జారిపోతుందేమోనని. అప్పుడు గమనించాను నేనేం చేస్తున్నానో. మా ఇంటి కష్టాన్ని డబ్బా కొలతకి నేనే కోస్తున్నాను. లోపలి లెక్క తెలిసిన నాకు ఈ కిటుకు ఉంది. ఆ పాప వాళ్ళ నాన్నకి లేదు. ఆయన ఉన్నదంతా రాశాడు, అలా రాసినందుకే మాకు అర్థం కాకుండా పోయాడు.

అమ్మ ఆయాసాన్ని మళ్ళీ చేర్చి పంపించాను. ఎక్కడ పడుతుందో చూడాలి. సోమవారం ఆఫీసులో ఆ 0.4 సంగతి ఎత్తాలి.