చెయ్యి అందని చోటు

మనిషి తన ఒంట్లో తాను చూసుకోలేని భాగం వీపు. అందులోనూ రెండు రెక్కల నడుమ ఒక చోటుంది. అక్కడికి కుడి చెయ్యీ సరిగా అందదు, ఎడమ చెయ్యీ అందదు. నొప్పి మాత్రం తరచు అక్కడే చేరి కూర్చుంటుంది. ఎవరి కాళ్ల మీద వాళ్లం నిలబడ్డామని గట్టిగా చెప్పుకునేవాళ్లం కూడా ఆ చోటు పట్టేసిన రాత్రి ఇంట్లో ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. నూరేళ్లు దాటినా ఆ సీసా తెలుగు ఇళ్లలో చేతికందే చోటే ఉంటోంది. మందు కొనుక్కోవచ్చు. వీపుకు రాసే చెయ్యి మాత్రం ఇంకొకరిదే కావాలి.

ఇది శరీర నిర్మాణం సంగతే అయినా, నాకు మనుషుల మధ్య ఉండాల్సిన సంబంధం గురించిన ప్రశ్నగానే ఎప్పుడూ తోస్తుంది. ఒకరి బాధ తీరడానికి ఇంకొకరి చెయ్యి తప్పనిసరి అయినప్పుడు, ఆ చెయ్యి ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు?

నెల్లూరు జిల్లా బిట్రగుంటలో ఉండి ఈ ప్రశ్న వేసుకోవడానికి కారణం ఉంది. ఇది వీపుల మీద నడిచిన ఊరు. మద్రాసు, బెజవాడ లైను మీద ఆవిరి ఇంజన్లు తిరిగినన్నాళ్లూ ఇక్కడి లోకోషెడ్డే ఊరికి ఊపిరి. డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజన్ల మీద డ్రైవరుతో పాటు ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవాళ్లు. టెండరు వైపు వంగి పారతో బొగ్గెత్తడం, నడుం తిప్పడం, మండుతున్న ఫైర్‌బాక్సులోకి విసరడం, మళ్లీ వంగడం. ముందు నుంచి నిప్పుల సెగ, వెనక నుంచి ఈదురుగాలి, కాళ్ల కింద కుదురులేని ఇనుము. కంకర మీద పనిచేసే గ్యాంగ్‌మన్లది ఇంకో రకం వంగడం. యంత్రాలు రాకముందు స్లీపర్ల కిందికి కంకర కూరే పనంతా బీటరు పట్టిన చేతులదీ, నడుములదీ. రోజూ లైను వెంట నడిచే కీమ్యాన్ సుత్తీ స్పానరూ మోసే భుజం ఒక పక్కకు ఒరుగుతుంది. డీజిల్ వచ్చింది, కరెంటు వచ్చింది, షెడ్డు మూతబడింది, క్వార్టర్లు చాలామటుకు బోసిపోయాయి. ఆ పనులు చేసిన ఒళ్లు మాత్రం పని మానేశాక కూడా ఆ పని ఆకారంలోనే ఉండిపోయాయి. ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయిన మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా నడుం ముందు ఒక పక్కకే తిరుగుతుంది.

అలాంటి మనిషితో ‘నిటారుగా నిలబడు’ అంటే ఏమిటర్థం?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు ఎఫ్. ఎం. అలెగ్జాండర్. 1869లో ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియాలో పుట్టాడు. వేదికల మీద నాటక భాగాలు చదివి వినిపించడం వృత్తి. చదవబోతే గొంతు పోయేది. వైద్యులు విశ్రాంతి తీసుకోమనేవాళ్లు, తీసుకుంటే గొంతు వచ్చేది, వేదికెక్కితే మళ్లీ పోయేది. అద్దాలు పెట్టుకుని తనను తాను గమనించుకుంటే, మాట మొదలుపెట్టే క్షణంలోనే తల వెనక్కీ కిందికీ లాగేసుకుంటున్నాడని తెలిసింది. సరిదిద్దుకున్నాడు. సరిగా ఉన్నాననే అనిపించింది. అద్దంలో చూస్తే తల అలాగే వెనక్కి ఉంది. ఏళ్ల తరబడి అలవాటైన వంకర ఒంటికి తిన్ననిదానిలాగే తోస్తుందన్నమాట. ఇంకొకరి చేతి సాయంతో ఆ మోసాన్ని పసిగట్టి, అలవాటు మొదలయ్యే క్షణంలోనే ఆపడం నేర్పే పద్ధతిని అతను అందులోంచే తయారుచేశాడు.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో న్యూయార్కులో అతని దగ్గర పాఠాలు నేర్చుకున్నవాళ్లలో తత్వవేత్త జాన్ డ్యూయీ ఒకరు. 1922లో డ్యూయీ మనిషి స్వభావం మీదా నడవడి మీదా రాసిన పుస్తకంలో అలవాటును వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ, సరిగా నిలబడలేని మనిషే. అలా నిలబడాలని కోరుకున్నంత మాత్రాన, ఎవరో ఆజ్ఞాపించినంత మాత్రాన అది జరగదంటాడు డ్యూయీ. అలవాటు మనిషి తొడుక్కున్న చొక్కా కాదు, మనిషే. మంచి సంకల్పం ఒక్కటే చాలదన్న ఈ మాట నీతిబోధలు చేసే ప్రతివాళ్లూ వినాల్సింది.

ఆ డ్యూయీ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుంటే కూర్చుని విన్న విద్యార్థుల్లో భీంరావ్ అంబేడ్కర్ ఉన్నారు, 1913 నుంచి 1916 దాకా. కొలంబియాకే అనుబంధమైన బార్నార్డ్ కళాశాలలో 1916లో పట్టా అందుకుని, 1920లో కొలంబియాలో జీవరసాయనంలో డాక్టరేటు తీసుకున్నది ఐడా రాల్ఫ్. తర్వాత కాలంలో వేళ్లతో, పిడికిలితో, మోచేత్తో కండరాల మీది పొరలను నొక్కి, సాగదీసి ఒంటిని తిన్నగా తెచ్చే వైద్యాన్ని పది విడతల పద్ధతిగా మలిచింది ఆమే. రాల్ఫింగ్ అని దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు. వీళ్లంతా కలిసి మాట్లాడుకున్నారని నేననడం లేదు. ఒకే చోట, దాదాపు ఒకే కాలంలో, ఒకరు అలవాటును ఆలోచించారు, ఒకరు ఒంటిని చేత్తో సరిచేయడం గురించి ఆలోచించబోతున్నారు. మూడో మనిషి, తాకితే మైలపడతామని జనం నమ్మే దేశంలోంచి వచ్చారు. ఈ మూడో మనిషి లేకుండా మిగతా ఇద్దరి ఆలోచన మన నేల మీద పూర్తికాదని నా నమ్మకం.

ఎందుకంటే ఇక్కడ నిటారుగా నిలబడటం అందరికీ అనుమతి ఉన్న పని కాదు. దొర ఎదురైతే తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి, చెప్పులు చేత పట్టుకోవాలి, వెన్ను వంచి చూపు నేలకేసి మాట్లాడాలి. తరాల పాటు సాగిన ఆ భంగిమను ఏ ఎక్స్‌రేలో చూపించగలం? 1985 జూలైలో పక్కనే అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాము తాగే చెరువు నీళ్లను పశువులతో పాడుచేయొద్దని దళితులు అడిగినందుకు ఏం జరిగిందో తెలుగువాళ్లకు తెలుసు. వెన్ను వంచకుండా ఒక మాట అడిగినదానికి ఆరుగురి ప్రాణాలు పోయాయి. భుజాలు ముందుకు ముడుచుకుని, మెడ దించుకుని నడిచే మనిషిని చూసి ‘పోశ్చర్ బాగాలేదు’ అనేవాళ్లు, ఆ మనిషి ఏ భయం కింద అలా నడవడం నేర్చుకున్నాడో ఒకసారైనా అడగాలి.

ఒళ్లు పట్టే విద్య మనకు కొత్తది కాదు. అభ్యంగనం దినచర్యలో భాగమని ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. పసిబిడ్డకు నూనె రాసి కాళ్లూ చేతులూ సాగదీసి నలుగు పెట్టి పోసే నీళ్లూ, బాలింత నడుం మీద పోసే వేడినీళ్లూ మన ఆడవాళ్ల చేతుల్లో బతికిన వైద్యం. పండగనాడు తలంటినా, పెళ్లికొడుక్కి ఒళ్లు మర్దించినా, ప్రసవం చేసినా ఆ చేతులు ఎక్కువగా మంగలి కుటుంబాలవి. ఏ కండరం ఎక్కడ ముడిపడుతుందో, ఎంత నొక్కితే వదులుతుందో తెలిసిన చేతులు. ఆ చేతుల్ని ఒంటి మీదికి రానిచ్చిన ఇళ్లు ఆ మనుషుల్ని మాత్రం గడప దాటి రానివ్వలేదు. ఆ విద్యే ఇంగ్లిషు పేరుతో, తెల్ల గోడల గదిలో, గంట లెక్కన అమ్మితే గౌరవం వచ్చింది. రావాల్సిన గౌరవమే. కానీ అది ముందు ఎవరికి రావాలి?

ఒక నమ్మకం కూడా చెప్పాలి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మన ఊళ్లలో ఇప్పటికీ అనుకుంటారు. పుట్టుక తీరుకూ పాదంలో మహిమకూ సంబంధం లేదు. అయినా ‘పోయింది, హాయిగా ఉంది’ అని లేచే మనిషి అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ శాస్త్రం చెప్పేది నాకు చాలా ఆసక్తిగా ఉంటుంది. కండరాల మీది గట్టి పొరను చేతులు మైనంలా కరిగించి కొత్త ఆకారంలో పోస్తాయని రాల్ఫ్ దారిలో వచ్చినవాళ్లు చాలాకాలం నమ్మారు. 2008లో కొందరు పరిశోధకులు గణిత నమూనా కట్టి లెక్కవేశారు. తొడ పక్కన, అరికాలి కింద ఉండే మందమైన పొర ఒక్క శాతం కుదించుకుపోవాలన్నా మామూలుగా మనిషి చేతులు పెట్టే బలం చాలదని తేలింది. ఆ లెక్క వేసినవాళ్లలో రాల్ఫింగ్ చేసే రాబర్ట్ ష్లైప్ కూడా ఉన్నాడు. తన వృత్తి నమ్మకాన్ని తానే తూకం వేసి చూసుకున్న ఆ నిజాయితీ నాకు నచ్చింది. మరి వదులైంది ఏది? ఎక్కువ భాగం నాడీవ్యవస్థ. కాపలాగా బిగదీసి ఉంచిన కండరానికి, ఇక బిగదీయక్కర్లేదనే కబురు చర్మం నుంచీ లోపలి నుంచీ వెళుతుంది. ఒంటి మీద నూగు ఉన్నచోట సన్నటి నరాలు కొన్ని ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. బిడ్డను జోకొట్టే తల్లి చేతికి ఈ వేగం ఎవరూ నేర్పలేదు. ఒత్తిడిని పసిగట్టే అణువుల్ని కనిపెట్టినందుకు ఆర్డెమ్ పాటాపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. స్పర్శ ఇంత ఆలస్యంగా శాస్త్రం దృష్టిలో పడిందంటే, చూపుకూ మాటకూ ఇచ్చిన విలువ దానికి మనం ఇవ్వలేదనే అనుకోవాలి.

నొప్పికి అసలు కారణం వంకరగా కూర్చోవడమేనన్న మాట కూడా అంత గట్టిది కాదు. వంగి కూర్చునేవాళ్లందరికీ నొప్పి లేదు, నిటారుగా కూర్చునేవాళ్లకు రాకుండానూ పోదు. ఏ భంగిమైనా గంటల తరబడి కదలకుండా ఉండిపోతే బాధే. 2008లో బ్రిటన్‌లో దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 579 మంది మీద ఒక పరీక్ష జరిగింది. మర్దన మూడు నెలలకు మేలు చేసింది, ఏడాది గడిచేసరికి ఆ మేలు చాలావరకు నిలవలేదు. అలెగ్జాండర్ పద్ధతిలో 24 పాఠాలు తీసుకున్నవాళ్లు ఏడాది తర్వాత, నాలుగు వారాల్లో మూడు రోజులు నొప్పి ఉందన్నారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లు 21 రోజులన్నారు. చెయ్యి వచ్చి నొప్పి తీసేసి వెళ్లిపోతే ఒకటి, తన ఒంటిని తాను గమనించుకోవడం నేర్పి వెళితే ఇంకొకటి. ఈ తేడా నాకు అన్ని సాయాలకూ వర్తించేదిగా కనిపిస్తుంది.

భయపడాల్సిన చోటు కూడా చెప్పకపోతే తప్పు. క్షవరం అయ్యాక సరదాగా మెడ పట్టి టక్కున తిప్పించుకోవడం చాలామందికి అలవాటు. మెడలోని రక్తనాళం చీరితే పక్షవాతం రావచ్చు. అలా తిప్పనివ్వకండి. కాళ్లలో స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా నడుం తొక్కించుకోవడం కాదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. ఇంత పెద్ద అంకెలో మన ఆడవాళ్లు ఎక్కడున్నారో వెతకాలనిపిస్తుంది నాకు. పగలంతా బురదలో వంగి నాట్లు వేసినవాళ్లు, చేపల బుట్టలు నెత్తిన మోసినవాళ్లు, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు వంగినవాళ్లు. ‘ఒళ్లు నొప్పులమ్మా, అందుకే తాగుతున్నా’ అని ఇంటి మగవాళ్లు చెప్పిన కారణం పూర్తిగా అబద్ధమని నేననను. కష్టం చేసిన ఒంటికి నొప్పి నిజమే. అదే పొలంలో, అంతే సేపు వంగిన ఆడవాళ్లకు మాత్రం ఆ నొప్పి పేరు చెప్పుకునే హక్కు లేకపోయింది. ఇదే నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి మొదలుపెట్టిన ఉద్యమం, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆనాడు వాళ్లు నిలబడిన తీరు ఏ చికిత్సా నేర్పింది కాదు. పక్కన ఇంకొకరు నిలబడ్డారు, అందుకని నిలబడ్డారు.

మగవాడి కాళ్లు పట్టడం భార్య ధర్మమని చెప్పే కథలు మనకు లెక్కలేనన్ని. భార్య నడుం పట్టిన భర్త కథ ఎన్ని ఇళ్లలో చెబుతారు? సిగ్గుపడాల్సిన పని కాదది. చూసి నేర్చుకుంటే వచ్చేదే. కుర్చీ వేసి, ఆమెను కూర్చోబెట్టి, మెడ మొదట్లో బొటనవేలు పెట్టి, ‘ఇక్కడేనా, ఇంకొంచెం కిందా?’ అని అడుగుతూ నొక్కాలి. అడగడం ముఖ్యం. అడగకుండా పడే చెయ్యి, ఎంత నైపుణ్యం ఉన్నదైనా, ఆ ఒంటికి ఇంకో యజమాని మాత్రమే.

ఇంట్లో చేతులు సరిపోనప్పుడు ఊరు ఏం చేయాలి? 24 పాఠాలంటే 24 పూటల కూలి. నెల్లూరు దాకా వెళ్లి ఫిజియోథెరపీ చేయించుకోవాలంటే రైలో బస్సో ఎక్కాలి, ఫీజు కట్టాలి, ఆ రోజు పని మానుకోవాలి. మన రాష్ట్రంలో మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటిలో ఫిజియోథెరపీ కూడా ఉంది. పిల్లలకు చేయగలిగింది పెద్దలకు చేయలేమా? నాట్లు అయిపోయిన వారంలో, కోతలు అయిపోయిన వారంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలోనైనా సరే, చేతి పని తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ నొప్పి ఎక్కడుందని అడిగే ఏర్పాటు చేయొచ్చు. ఆ పనికి మంగలి కుటుంబాల నుంచీ, మంత్రసానుల ఇళ్ల నుంచీ వచ్చిన అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి, కోటు తొడిగి, ‘రండి మేడం, కూర్చోండి’ అని కుర్చీ వేసి పిలవొచ్చు.