‘టు’కూ ‘తూ’కూ మధ్య

‘ఐ స్పెండ్ టూ అవర్స్ టు లెర్న్ ఇంగ్లీష్’ అనకూడదు. ‘ఐ స్పెండ్ టూ అవర్స్ లెర్నింగ్ ఇంగ్లీష్’ అనాలి. ముత్తంగిలో సాయంత్రాలు నా దగ్గర స్పోకెన్ ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లకు నేను ఇంత పట్టుబట్టి చెప్పే పాఠం మరొకటి లేదు. ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయినా ఊరుకుంటాను. ‘ఎ’ పెట్టాల్సిన చోట ‘ది’ పెట్టినా చూసీచూడనట్టు పోతాను. ‘స్పెండ్’ తర్వాత ‘టు’ వస్తే మాత్రం ఊరుకోలేను. ఎందుకింత పట్టుదల అని ఈమధ్య నన్ను నేనే అడుగుతున్నాను. దొరుకుతున్న జవాబుల్లో కొన్ని నాకు నచ్చేవి, కొన్ని నచ్చనివి. రెండూ రాయాలనిపించింది.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. ముంబై వైపు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, ఔటర్ రింగు రోడ్డు కలిసే చోట ఉంది ముత్తంగి. ఒకవైపు పటాన్‌చెరు, దాన్ని దాటితే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్. రెండోవైపు ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం. ఇక్కడి అద్దె గదుల్లో ఒకడు డ్యూటీ ఎక్కే వేళకు ఇంకొకడు డ్యూటీ దిగుతాడు. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్ వారానికోసారి మారుతుంటాయి. పొద్దున అన్న మాటకు ఇక్కడ అందరికీ ఒకటే అర్థం లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మందుల కంపెనీల్లో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లున్నారు, ఐటీఐ చేసిన ఫిట్టర్లున్నారు, ఏదో ఒక కాంట్రాక్టరు పిలుపు కోసం చూస్తున్న కుర్రవాళ్లున్నారు. చాలామంది తెలుగు మీడియంలో చదివినవాళ్లే. తెలంగాణ సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం 2022-23లో మొదలైంది. అది వీళ్ల తమ్ముళ్లకు, పిల్లలకు అందుతోంది కానీ వీళ్లకు అందలేదు.

వీళ్లు ‘టు’ ఎందుకు అంటారో నాకు బాగా తెలుసు. ‘ఈ పని చేయడానికి రెండు గంటలు పట్టింది’ అన్నది చక్కని తెలుగు. దాన్ని ‘ఇట్ టుక్ మీ టూ అవర్స్ టు డూ దిస్ వర్క్’ అంటే చక్కని ఇంగ్లీషు కూడా. ‘డానికి’ ఉన్నచోట ‘టు’ పెట్టాలని ఒకసారి మనసులో పడితే, అది ‘టేక్’ దగ్గర ఆగదు. ‘స్పెండ్’ దగ్గరికీ నడుచుకుంటూ వచ్చేస్తుంది. అక్కడ ఇంగ్లీషు దాన్ని రానివ్వదు. ‘స్పెండ్’ పక్కన పని పేరు వస్తే ‘ఇంగ్’ కావాలి, వస్తువో విషయమో వస్తే ‘ఆన్’ కావాలి, మనిషి తోడుగా ఉంటే ‘విత్’ కావాలి. చదువుతూ గడిపాను: ‘స్పెంట్ టైమ్ రీడింగ్’. ప్రాజెక్టు మీద గడిపాను: ‘ఆన్ ది ప్రాజెక్ట్’. అమ్మతో గడిపాను: ‘విత్ మై మదర్’.

ఈ మూడింటినీ తెలుగులోనే పైకి చెప్పించి చూశాక నాకు ఒక సంగతి తట్టింది. మన ‘గడపడం’ ఇంగ్లీషు ‘స్పెండ్’కు దగ్గరగానే నడుస్తుంది. పాటలు వింటూ గడిపాం, పేకాడుతూ గడిపారు, బస్సు కోసం చూస్తూ గడిపాను. ఆ ‘తూ’ దాదాపు ఆ ‘ఇంగ్’ చేసే పనే చేస్తోంది. మరి తెలుగే సరైన దారి చూపిస్తుంటే తప్పుదారి ఎక్కడ పట్టాం? బడిలో ‘స్పెండ్’ అంటే ‘ఖర్చుపెట్టు’ అని నేర్చుకున్నాం. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఖర్చుపెట్టాను అనగానే తెలుగువాళ్లం వెంటనే అడిగేది ‘దేనికి?’ అని. ఫీజు కట్టడానికి, బియ్యం కొనడానికి, ఇల్లు వేయించడానికి. ‘డానికి’ అక్కడ పుడుతుంది, ‘టు’ దాని వెంట వస్తుంది. ‘గడిపాను’ అంటే వచ్చే ప్రశ్న వేరు: ఏం చేస్తూ? ఎవరితో?

ఇది తెలిశాక పాఠం చెప్పడం సులువైంది. నా లోపలికి చూసుకోవడం మాత్రం కష్టమైంది. ఎందుకంటే ‘దేనికి?’ అన్న ప్రశ్న నాలో ‘స్పెండ్’ అన్న మాట దగ్గరే ఆగలేదు. ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడతో మాట్లాడుతూ కూర్చుంటే, లేచి వచ్చాక ఆ సమయం దేనికి పోయిందని లెక్క చూసుకుంటాను. మా పాప బొమ్మలు వేస్తుంటే పక్కన ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు, చేతిలో దిద్దాల్సిన కాగితాలు ఉండాలి. గడపడం అన్న మాట నా నోట్లో ఉంది. బతుకులో మాత్రం ఎప్పుడో ఖర్చుకు మారిపోయింది.

కాలాన్ని డబ్బుతో సమానం చేసిన మాటను లోకమంతా బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరుతో చెప్పుకుంటుంది. 1748లో ఒక యువ వ్యాపారికి సలహాగా ఆయన దాన్ని రాశాడు. మా ప్రాంతంలో దానికి ఫ్రాంక్లిన్ అవసరం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు దాటకూడదంది. దాటితే మామూలు కూలికి రెండింతలు ఇవ్వాలంది. అంటే గంటకు ధర ఉంది, హద్దు దాటిన ఓవర్‌టైమ్ గంటకు ఇంకో ధర ఉంది. ‘నిన్న ఓటీ నాలుగు గంటలు కొట్టిన మేడం’ అని చెప్పే కుర్రవాడికి కాలం డబ్బు అన్నది అలంకారం కాదు, నెలాఖరున చేతికొచ్చే లెక్క. అతను ‘స్పెండ్’ పక్కన ‘దేనికి’ పెట్టడంలో న్యాయం ఉంది. గేటు లోపలి గంటలు అతను గడిపినవి కావు, అమ్మినవి.

నా పట్టుదలను ఇంకా ఇబ్బంది పెట్టేది మరొకటుంది. ‘స్పెండ్ టైమ్’ తర్వాత ‘టు’ పెట్టినవాళ్లలో షేక్‌స్పియర్ ఉన్నాడు. 1600లో అచ్చైన ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’ మొదటి రంగంలోనే, డొంకతిరుగుడుగా అప్పు అడుగుతున్న బస్సానియోతో ఆంటోనియో అనే మాటల్లో ఈ కూర్పు కనిపిస్తుంది. నేను నీకు బాగా తెలిసినవాణ్నే, ఇంత చుట్టూ తిప్పి చెప్పడానికి కాలం ఎందుకు వృథా చేస్తావు అన్నది అక్కడి భావం. ఆ ‘డానికి’ని ఆయన ‘టు’తోనే చెప్పాడు. నాలుగు వందల ఏళ్ల కిందట లండన్ నాటకశాలలో చెల్లిన కూర్పు ఇవాళ ఇంటర్వ్యూలో చెల్లదు. భాషలో ఒప్పు అంటే ఇప్పుడు వినేవాళ్ల చెవికి అలవాటైనది అని అర్థం. ఇది తెలిసి కూడా నేను దిద్దుతూనే ఉన్నాను, ఇకముందూ దిద్దుతాను. ఎందుకంటే పాశమైలారంలోనో హైటెక్ సిటీలోనో బల్లకు అవతల కూర్చున్న మనిషి షేక్‌స్పియర్‌ను గుర్తుచేసుకోడు. ఆ ఒక్క ‘టు’ విని, ఎదుటివాడికి పని వచ్చునో రాదో తేల్చేసుకునే ప్రమాదం ఉంది. ఆ అన్యాయాన్ని మార్చే శక్తి నాకు లేదు. దాని దెబ్బ నా దగ్గరికి వచ్చినవాళ్ల మీద పడకుండా చూడగలను.

ఇది నాకు నచ్చే జవాబు. నచ్చనిది కూడా ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడిన మొదటి మనిషిని నేను. సరైన వాక్యం నాకు గౌరవం తెచ్చింది, బ్యాంకులో, ఆసుపత్రిలో, పిల్లల బడిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. దిద్దుతున్నప్పుడు గదిలో ఒక నిశ్శబ్దం వస్తుంది, అందరూ నా వైపు చూస్తారు. ఆ చూపు నాకు ఇష్టం. పన్నెండు గంటలు నిలబడి పనిచేసి వచ్చిన మనిషి ముందు, ఒక చిన్న మాట నాకు తెలిసినందుకు నేను పెద్దదాన్నవుతున్నాను. ఆ ఇష్టానికి, వాళ్ల మేలు కోరే మనసుకు మధ్య గీత ఎక్కడుందో నేను ప్రతిసారీ స్పష్టంగా చూడలేకపోతున్నాను. అందుకే ఇప్పుడు దిద్దే ముందు, ఆ వాక్యంలో వాళ్లు చెప్పదలచింది ఏమిటో తెలుగులో అడుగుతున్నాను. అడగడం మొదలుపెట్టాక పాఠం పుస్తకంలో లేని చోట్లకు వెళ్తోంది.

ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె ‘ఐ స్పెండ్ ఆల్ మై టైమ్ ఫర్ మై ఫ్యామిలీ’ అంది. ‘ఫర్’ కాదమ్మా, ‘విత్’ అనాలి అని పుస్తకం చెబుతుంది. ఏం చెప్పాలనుకున్నావని అడిగాను. ఆమె వెంటనే అంది: “వాళ్లతోని కూసునేది ఎక్కడుంటది మేడం? వాళ్ల కోసం చేసుడే అయితది పొద్దంత.” ‘విత్’ అంటే ఆమె చెప్పేది అబద్ధమవుతుంది. కుటుంబంతో గడపడానికి ఆమెకు సమయమే లేదు. వంట, బట్టలు, నీళ్లు, అత్తగారి మందులు, పిల్లల డబ్బాలు, ఆ తర్వాత కంపెనీ బస్సు. మేమిద్దరం వెతికి ‘ఐ స్పెండ్ ఆల్ మై టైమ్ లుకింగ్ ఆఫ్టర్ మై ఫ్యామిలీ’ దగ్గర ఆగాం. ఇందులో వ్యాకరణమూ ఉంది, ఆమె రోజు కూడా ఉంది. ఆమె దాన్ని నోట్‌బుక్కులో రెండుసార్లు రాసుకుంది. ‘విత్’ ఎప్పుడు వాడాలో కూడా చెప్పాను. ఆదివారం పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లినప్పుడు వాడుకుంటానంది.

కాంట్రాక్టరు పిలుపు కోసం చూస్తున్న కుర్రవాళ్ల దగ్గర ఇంకో మాట వస్తుంది. ‘వాట్ ఆర్ యూ డూయింగ్ నౌ?’ అంటే ‘డూయింగ్ టైంపాస్ మేడం’ అంటారు. టైంపాస్ ఇప్పుడు తెలుగు మాటే, పల్లీల పొట్లం దగ్గర నుంచి సినిమా దాకా అంతటా అదే. నాకు దానిమీద కోపం లేదు. క్రెయిగ్ జెఫ్రీ అనే పండితుడు మీరట్‌లో చదువు పూర్తయ్యాక ఉద్యోగాల కోసం ఎదురుచూసే యువకుల మీద 2010లో రాసిన పుస్తకానికి ‘టైంపాస్’ అనే పేరు పెట్టాడు. ఎదురుచూపు కూడా ఒక బతుకు అని, అందులోనూ స్నేహాలు, రాజకీయాలు, అవమానాలు ఉంటాయని ఆయన గమనించాడు. మీరట్ మాట ముత్తంగికీ వర్తిస్తుంది. ఈ కుర్రవాళ్లు ఊరికే ఉండరు. పొద్దున గేట్ల దగ్గర నిలబడతారు, తెలిసిన సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తారు, మధ్యాహ్నం ఎవరిదో బండి బాగుచేస్తారు. అదంతా టైంపాస్ అన్న ఒక్క మాట కింద కనిపించకుండా పోతుంది. వాళ్లకు నేను నేర్పేది ‘ఐ హావ్ బీన్ లుకింగ్ ఫర్ వర్క్ ఫర్ సిక్స్ మంత్స్’. ‘ఆరు నెలల నుంచి’ అన్న తెలుగు వల్ల ‘సిన్స్ సిక్స్ మంత్స్’ అని వస్తుంది, అక్కడా దిద్దాలి. ‘సిన్స్’ పక్కన మొదలైన నెల పేరు చెప్పాలి, ‘ఫర్’ పక్కన ఎంత కాలమో చెప్పాలి.

మన పాత మాట కాలక్షేపానికి ఒకప్పుడు ఇంత చిన్నచూపు లేదు. హరికథను హరికథా కాలక్షేపం అని గౌరవంగా పిలిచారు. రాత్రంతా ఒగ్గుకథ వింటూ కూర్చున్న ఊరిని సోమరి ఊరు అని ఎవరూ అనలేదు. కాలం గడిచిపోతుంది, దాన్ని నలుగురితో కలిసి మంచి మాటల్లో గడపాలి అన్నదే ఆ మాటలోని ఆలోచన. నా ఖర్చు లెక్కల మధ్య ఆ ఆలోచనకు మళ్లీ చోటు ఇవ్వాలని ఉంది. పాప బొమ్మలు వేస్తుంటే కాగితాలు పక్కన పెట్టి కూర్చోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. తేలిగ్గా రావడం లేదు.

ఇంకా తేలని సంగతి ఒకటి ఉంది. ఇంటర్వ్యూ కోసం తయారయ్యే ఒక ఫిట్టరును ‘హౌ డు యూ స్పెండ్ యువర్ డే?’ అని అడిగాను. అతను కాసేపు ఆలోచించి, నేర్పినట్టే ‘తూ’ను ‘ఇంగ్’ చేసి, ‘ఐ స్పెండ్ ది డే స్లీపింగ్’ అన్నాడు. వ్యాకరణంలో ఒక్క లోపం లేదు. అయినా ఈ మాట అక్కడ అనొద్దన్నాను. “తప్పా మేడం?” అన్నాడు. తప్పు కాదన్నాను. “మరి? సీ షిఫ్ట్‌ల ఉన్న, పొద్దంత పండుకుంట గదా.” అతను చెప్పింది నిజం. వినేవాడికి మాత్రం రాత్రి డ్యూటీ కనిపించదు, పగటి నిద్ర ఒక్కటే కనిపిస్తుంది. ‘ఐ వర్క్ నైట్స్, సో ఐ స్లీప్ డ్యూరింగ్ ది డే’ అని రాయించాను. ముందు రాత్రి, తర్వాత నిద్ర.

అతను వెళ్లాక నేనడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. మనిషి పగలు మేలుకుని, రాత్రి పడుకుంటాడన్న నమ్మకంతో తయారైన ప్రశ్న అది. పాఠ్యపుస్తకాల్లో అందరూ పొద్దున్నే లేస్తారు, పళ్లు తోముకుంటారు, ఆఫీసుకు వెళ్తారు, సాయంత్రం పార్కులో గడుపుతారు. సీ షిఫ్ట్ మనిషి అందులో ఎక్కడా లేడు. అతని నిద్రను మర్యాదగా వినిపించే పని మాత్రం అతని మీదే పడింది, దానికి నేనే సాయం చేశాను. ఇప్పుడు నా గదిలో ‘వాట్ డు యూ డూ ఆఫ్టర్ యువర్ షిఫ్ట్?’ అని అడుగుతున్నాను. దానికి అతను వంట చేసుకుంటానని, ఊళ్లో అమ్మకు ఫోన్ చేస్తానని, తర్వాత పడుకుంటానని తడబడకుండా చెప్పాడు. ఇంటర్వ్యూల్లో పాత ప్రశ్నే అడుగుతారు కాబట్టి దాన్నీ వదలకుండా, రెండింటికీ జవాబులు తయారుచేయిస్తున్నాను.