ఎవరి అడుగుల వెంట?

పాత యాత్రికులు వెళ్ళిన దారుల్లో ఇంటిల్లిపాదీ కారులో తిరిగి రావడం మా తరానికి కొత్త సరదా. నాకూ ఇష్టమే. తెలుగువాళ్ళకు అలాంటి దారి అనగానే గుర్తొచ్చేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. కుటుంబమూ పరివారమూ కలిపి వందమంది దాకా ఉన్నారు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపిన సంగతులు, ఆయన పోయాక, 1838లో పుస్తకంగా వచ్చాయి.

అలాంటి దారిలో వెళ్ళొచ్చి, ఫోటో కింద ‘వీరాస్వామయ్య నడిచిన దారిలో’ అని రాసుకుంటాం. ఆ ‘నడిచిన’ అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆయన ప్రయాణం చాలా భాగం పల్లకీలో సాగింది. నడిచింది బోయీలు. పల్లకీలో కూర్చున్నాయన రాసిన కాశీయాత్ర మనకుంది, మోసినవాళ్ళు రాసిన కాశీయాత్ర లేదు. ఒకే దారి, ఒకే ఎండ, ఒకే వాగు. అయినా భుజం మీద కొమ్ము ఉన్నవాడికీ లోపల కూర్చున్నవాడికీ అది ఒకే యాత్ర అవుతుందా?

1830 నాటి మనిషిని ఇవాళ్టి కొలతలతో కొలవడం అన్యాయం అంటారు. ఒప్పుకుంటాను. ఆయన మీద తీర్పు చెప్పాలని కాదు నా ఉద్దేశం. పైగా ఆయన రాసిందాంట్లో పెద్ద దయ ఉంది. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా అని మజిలీ మజిలీకీ రాసిపెట్టారు. వెనక వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదన్న ఆలోచన అది. నా ప్రశ్న ఆయనకు కాదు, మనకు. ఆ దారిలో మళ్ళీ వెళ్ళేటప్పుడు మనల్ని మనం ఎవరి వారసులుగా ఊహించుకుంటున్నాం? ఎవ్వరూ ‘బోయీలు నడిచిన దారిలో’ అని రాసుకోరు కదా.

మా ప్రయాణం మొదలైంది గుర్రంకొండ నుంచి. రాయచోటి మీదుగా కడప చేరితే అక్కడ వీరాస్వామయ్య దారి కలుస్తుంది. ట్రావెల్స్ బండి, దాంతో పాటు డ్రైవరు. తమ్ముడు ఎక్సెల్ షీట్ తయారుచేశాడు: రోజుకు ఆరేడు వందల కిలోమీటర్లు, హోటల్ గదులు, టిఫిన్లు, డ్రైవరు బేటా. అమ్మ అది చూసి ఒకే ప్రశ్న అడిగింది: “ఆ పిల్లోడు యాడ పండుకుంటాడ్రా?”

షీట్‌లో దానికి కాలమ్ లేదు. “బండిలోనే పండుకుంటారు మా, అందరూ అంతే,” అన్నాడు తమ్ముడు. “రేత్రంతా బండిలో పండుకుని, పగలంతా బండి తోలితే మనకెవురు దిక్కు?” అంది అమ్మ. ఆమెది తత్వశాస్త్రం కాదు, లెక్క. ఆ లెక్కతో రోజుకు మూడొందల కిలోమీటర్లయ్యాయి. గదులు ఒకటి పెరిగాయి, చూడాల్సిన ఊళ్ళు రెండు తగ్గాయి. తమ్ముడు రెండ్రోజులు మొహం ముడుచుకున్నాడు.

తర్వాత ఆలోచిస్తే అనిపించింది, పాతకాలపు మజిలీ లెక్క కూడా ఇదే కదా అని. దూరాన్ని ఆమడల్లో చెప్పుకున్నా, ఇవాళ్టికి ఎక్కడ ఆగాలన్నది చివరికి బోయీల కాళ్ళను బట్టే. ఎంత గొప్ప యాత్రికుడైనా మోసేవాళ్ళ ఓపిక దాటి ముందుకు పోలేడు. ఇంజను వచ్చాక ఆ హద్దు చెరిగిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది స్టీరింగ్ ముందున్న మనిషి కళ్ళల్లోకి మారింది. ఏసీలో వెనక సీట్లో నిద్రపోతున్న మనకు అది కనిపించదు, అంతే.

ఏసీ బండిలో పోయి 1830 నాటి కష్టాన్ని అనుభవించాం అనడం అబద్ధం. ఆ యాత్రలో మనం మళ్ళీ చేయగలిగింది కష్టం కాదు, అలవాటు. వెనక వచ్చేవాళ్ళ కోసం దారి వివరాలు రాసిపెట్టే అలవాటు ఆయన నుంచి తీసుకోవచ్చు. ఏ ఊళ్ళో డ్రైవర్లు పడుకోవడానికి చోటుంది, స్నానానికి నీళ్ళున్నాయి అన్నది కూడా అందులో చేరిస్తే, ఆయన రాసిన మజిలీల పట్టీకి మన వంతుగా ఒక వరస కలిపినట్టు. మా షీట్‌లో ఇప్పుడు ఆ కాలమ్ ఉంది. కడప తర్వాత ప్రతి ఊరికీ నింపాం.