పాడింటి మంటలు - పౌరధర్మము

మొన్న మా పాఠశాలలో పదవ తరగతి పిల్లలకు "త్యాగము" అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పి, వారికి మార్గము చూపుటకై యొక నిజవృత్తాంతము వినిపించితిని. అమెరికా దేశమున బాల్టిమోరు నగరములో 2022 వ సంవత్సరము జనవరి 24 వ తేదీ తెల్లవారుజామున, స్ట్రికర్ వీధియందు కాపురస్థులు లేని మూడంతస్తుల యింటికి నిప్పంటుకొనెను. అగ్నిమాపక భటులు లోన ప్రవేశించిరి. కొలదిసేపటికే యిల్లు కూలి నలుగురు దానిక్రింద చిక్కుకొనిరి. వారిలో నొక్కడు బ్రతికెను. ఒక స్త్రీయు, ఇద్దఱు పురుషులును మరణించిరి. ఇంతవఱకు చెప్పి, పరులకొఱకు ప్రాణమిచ్చుట యెంత గొప్పదో వర్ణింపబోవుచుండగా, వెనుకబల్లపైనున్న యొక బాలిక లేచి, "మాస్టారూ, ఆ ఇంట్లో ఎవరూ కాపురం లేరన్నారు కదండీ! మరి వాళ్ళు ఎవరికోసం చనిపోయినట్లండీ?" అని యడిగెను.

విధినిర్వహణమనియు, ధర్మమనియు నేదో చెప్పి నేనప్పటికి తప్పించుకొంటిని. కాని ఆ సమాధానము ఆ బాలికకు గాని నాకు గాని తృప్తి నీయలేదు. ఆమె ప్రశ్నకు తగిన యుత్తరము వెదకుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

బాల్టిమోరు ఇండ్లు మన యిండ్లవంటివి కావు. వీధి యీ కొననుండి ఆ కొనవఱకు ఇటుకయిండ్లు ఒకదాని నొకటి యంటుకొని యొకే వరుసగా నుండును. రెండిండ్లకు నడుమ నొకే యుమ్మడిగోడ. అంతస్తులను మోయు కొయ్యదూలముల కొనలు ఆ గోడలలోనే నాటుకొనియుండును. కొన్ని వరుసలలో పైకప్పు క్రింది యటుకభాగము ఇంటింటికిని వేఱుపడక యొక సొరంగమువలె సాగిపోవును. పనివాండ్రకును, చిల్లర వర్తకులకును తక్కువ ధరకు సొంతయిల్లు దొరకవలెనని వెనుకటి తరములవారు వీనిని వేలకొలది కట్టిరి. ఆ కాలమున నవి యా నగరమునకు గర్వకారణములు.

అట్టి యిండ్లు పాడుపడుటకు దైవము కారణము కాదు, మనుష్యులే కారణము. నల్లజాతివారు తెల్లవారు నివసించు వీధులలో క్రొత్తగా కాపురము పెట్టరాదని 1910 లో ఆ నగరసభ యొక శాసనము చేసెను. ఇట్టి శాసనములు చెల్లవని దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1917 లో తీర్పు చెప్పినను, బుద్ధి మాఱలేదు. 1930 ల దశాబ్దమున నల్లవారి పేటలకు ఎఱ్ఱరంగు పులిమి, అచ్చట అప్పు లిచ్చుట ప్రమాదమని దేశపటములు గీచిరి. ఇంటికి మరమ్మతు చేసికొన నప్పు పుట్టనిచోట ఇల్లెట్లు నిలుచును? పిమ్మట కలవారు ఊరివెలుపలి క్రొత్త పేటలకు తరలిపోయిరి. ఒకప్పుడు ముప్పదివేలమందికి పని చూపిన ఉక్కు కర్మాగారము క్రమముగా క్షీణించి 2012 లో మూతపడెను. 1950 లో 9,49,000 పైచిలుకున్న జనసంఖ్య 2020 నాటికి 5,85,000 పైచిలుకునకు దిగెను. స్ట్రికర్ వీధి ప్రమాదము జరిగిననాటికి ఆ యూర సుమారు 15,000 కట్టడములు పాడుపడియుండెను.

మనుష్యుడు విడిచిన యిల్లు తానున్నట్లే యుండదు. కప్పు చిల్లువడి వాననీరు దూలముల కొనలలోనికి దిగును. గోడలో దాగిన యాకొనలు క్రుళ్ళుట వెలుపలివారికి గనబడదు. దొంగలు రాగిగొట్టముల కొఱకు గోడలు పగులగొట్టుదురు, మెట్లు ఊడదీయుదురు. వెనుక నొకమాఱు కాలిన యిల్లయినచో దూలములు సగము బొగ్గయి యుండును. దుర్జనులు చొరకుండుటకై కిటికీలకు చెక్కలు బిగింతురు. ఆ చెక్కలే మంట రేగినపుడు వేడిని లోనబట్టి యుంచును, లోన చిక్కినవానికి బయటపడు త్రోవ లేకుండ జేయును. ఇరువది కిలోలకు మించిన బరువు మోయుచు, పొగలో తన చేయి తనకే కనబడక, తడవుకొనుచు పోవు భటునకు కాలిక్రింద నేలయున్నదో గొయ్యియున్నదో తెలియదు. కాపురమున్న యింట కుర్చీయో మంచమో తగిలి త్రోవ తెలుపును. పాడింట నే గుఱుతును ఉండదు.

అట్లయిన నా యిల్లు తగులబడనిండు, పోయిన దేమున్నది అని మనకు తోచును. నాకును మొదట నట్లే తోచెను. ఇందుకు రెండు ప్రతిబంధకము లున్నవి. మొదటిది ఉమ్మడిగోడ. పాడింటి ప్రక్కయింట ముసలితల్లి నిద్రించుచుండును, దాని ప్రక్కయింట పసిబిడ్డలుందురు. అటుకలోబడిన మంట వారి కప్పు మీదికి ప్రాకుటకు ఎంతయో సేపు పట్టదు. రెండవది యింతకంటె గట్టిది. ఖాళీయిల్లన్నంతమాత్రమున నది నిజముగా ఖాళీయని చెప్పుటకు వీలులేదు. ఇల్లు లేనివారికి చలికాలపు రాత్రి తలదాచుకొనుటకు తెఱచియున్న యిల్లు పాడిల్లే గదా! మున్సిపాలిటీ దస్త్రములో "ఖాళీ" యని వ్రాసినది కాపురస్థునిగూర్చి గాని, మనుష్యునిగూర్చి కాదు.

ఇచ్చట నాకు భారతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. వారణావతమున లక్కయిల్లు కాలినపుడు పాండవులు సొరంగమున బడి తప్పించుకొనిరి. ఆ రాత్రి అన్నమునకై వచ్చి, త్రాగి, ఆ యింటనే పడి నిద్రించిన నిషాదస్త్రీయు ఆమె యైదుగురు కొడుకులును మాడిపోయిరి. తెల్లవారినపిమ్మట ఊరివారు ఆ యాఱు శవములను జూచి పాండవులే యనుకొని విలపించిరి. ఆ తల్లికిని ఆ బిడ్డలకును ఏడ్చినవా రెవరును లేరు. వారు లోన నున్నారా యని ముందుగా నడిగినవాడును లేడు. మన కథకులు ఈ ఘట్టమును త్వరత్వరగా దాటిపోవుదురు. నేనును పాఠము చెప్పునపుడు అనేకసారులు దాటిపోతిని. పాడింటిముందు నిలిచి "లోన నెవరైన నున్నారేమో" యని తటపటాయించు భటుడు, మనము దాటిపోయిన యా ప్రశ్న దగ్గఱనే నిలిచియున్నాడు.

ఆ ప్రశ్నకు వెల యెంతటిదో 1999 లో తెలియవచ్చెను. మసాచుసెట్సు రాష్ట్రమున వూస్టరు నగరములో డిసెంబరు 3 వ తేదీన పాడుపడిన శీతలగిడ్డంగి యొకటి యంటుకొనెను. అందు తలదాచుకొన్న నిలువనీడలేని యిద్దఱి చేతిలోని క్రొవ్వొత్తి పడుటవలన నిప్పు పుట్టెను. వారు ఎవరికిని చెప్పకయే వెడలిపోయిరి. లోన మనుష్యులున్నారని విని భటులు వెదకుటకు పోయిరి. కిటికీలులేని యా గోడల చిక్కులో ఇద్దఱు త్రోవ తప్పిరి. వారిని వెదకుటకు మఱి నలుగురు పోయిరి. ఆఱుగురును తిరిగి రాలేదు. మిగిలినవారు తమ సోదరులకొఱకు ఇంకను లోనికి దూకబోవుచుండగా, వారి యధికారి మెట్లదారిలో అడ్డముగా నిలిచి, ఇక నెవరును పోరాదని యాజ్ఞ యిచ్చెను. లోపల చిక్కిన యాఱుగురిని విడిచిపెట్టుటయని తెలిసియే యతడా మాట చెప్పెను. చొచ్చిపోయినవారి ధైర్యము గొప్పదే. కాని చొరనీయని యా ధైర్యము అంతకు తక్కువదని నే ననజాలను.

అగ్నిమాపకశాఖలలో నొక నియమము వ్యాపించియున్నది. రక్షింపదగిన ప్రాణముకొఱకు గొప్ప యపాయమునకైన నొడ్డుకొనవచ్చును. ఆస్తికొఱకు కొంచెమే యొడ్డుకొనవలెను. పోయిన ప్రాణమునకును, పోయిన యాస్తికిని ఏమియు నొడ్డరాదు. నియమము మంచిదే. అయితే దానిని నడపుటకు ఒక సంగతి తెలిసి తీరవలెను: లోన ప్రాణమున్నదా లేదా? ఇల్లు నిలుచునా కూలునా? ఈ రెండును తెల్లవారుజామున పొగలో నిలిచినవానికి నిమిషములలో తెలియునవి కావు. ఇవి పగటివేళ, మంట లేనినాడు, తీఱికగా పరీక్షించి తెలిసికొనదగినవి. ఆ తీఱిక నగరమునకు ఏండ్ల తరబడి యుండెను. వినియోగింపబడని యా తీఱిక ఋణమంతయు భటుడు తన ప్రాణముతో తీర్చెను.

స్ట్రికర్ వీధి యిల్లు తెలియని యిల్లు కాదు. 2015 లో నా యిల్లే కాలినపుడు కొందఱు భటులు గాయపడిరి. అపాయకరములైన పాడిండ్ల ముఖమున ఎఱ్ఱని గుఱుతులు తగిలించు పద్ధతి యొకటి వెనుక నా యూర నారంభమై, నిలిచిపోయెను. 2022 లో ముగ్గురు చనిపోయిన పిదప విచారణ జరిగి, డిసెంబరులో నివేదిక వెలువడెను. అగ్నిమాపకశాఖ ముఖ్యాధికారి పదవి విడిచెను. ఒక యధికారి దిగిపోయినంతమాత్రమున దూలము బలపడునా?

ఆ నగరమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోరు నడిబొడ్డున మంట పుట్టి 1,500 కు మించిన కట్టడములను మ్రింగెను. పొరుగూళ్ళనుండి సహాయమునకు వచ్చినవారిలో ననేకుల గొట్టములు ఆ యూరి నీటికొళాయిలకు అమరలేదు. ఒక్కొక్క యూర నొక్కొక్క మరచుట్టు! వచ్చినవారియందు సాహసము కొఱతపడలేదు, ఉత్సాహము కొఱతపడలేదు. ముందుగా నాలోచించి యొకే కొలతకు మరలు చేయించినవాడే లేకపోయెను. వీరుల సాహసము వెనుకటివారి యజాగ్రత్తను పూరింపలేదని యానాడే తేలెను.

లక్కయింటి కథలో మన మెక్కువగా తలపని ధర్మాత్ముడు విదురుడు. అతడు మంటలో దూకలేదు. ఇల్లెట్టిదో ముందుగా తెలిసికొని, గూఢముగా హెచ్చరించి, సొరంగము త్రవ్వువానిని పంపెను. ఆ పనికి చప్పట్లు లేవు, పూలదండలు లేవు. నగరసభలు చేయవలసిన ధర్మ మీ విదురధర్మమే. పాడింటిని పరీక్షించుట, గుఱుతు పెట్టుట, ఆ గుఱుతు నేటేట సరిచూచుట, నిలువనిదానిని ప్రక్కయింటికి హాని లేకుండ కూల్చుట, నిలుచుదానిని బాగుచేసి కాపురస్థుల కిచ్చుట, చలిరాత్రి ఇల్లు లేనివానికి పాడిల్లు గాక వేఱొక నెలవు చూపుట. వీనిలో నే యొక్కటియు వార్తాపత్రికలలో మొదటిపుట కెక్కదు. 2023 చివర బాల్టిమోరు పెద్దలు 15 ఏండ్లలో సుమారు 300 కోట్ల డాలర్ల వ్యయముతో పాడిండ్ల బెడద తీర్పవలెనని సంకల్పము ప్రకటించిరి. సంకల్పము శుభమే. కాని ఆ ముగ్గురు బ్రతికియుండగా జరుగవలసిన సంకల్పమది.

ఇంటి యజమానునిగూర్చియు నొకమాట చెప్పవలెను. "నా యిల్లు నా యిష్టము, పాడుపెట్టుకొనుటకు నాకు హక్కు లేదా?" యని యడుగువా డుండును. ఉమ్మడిగోడ యున్నచోట అట్టి హక్కు లేదు. తన దూలము క్రుళ్ళనిచ్చువాడు పొరుగువాని యింటిని తాకట్టు పెట్టుచున్నాడు. ఆ దూలముమీద నడువబోవు పరాయిబిడ్డ ప్రాణమును గూడ తాకట్టు పెట్టుచున్నాడు. ధర పెరుగునని ఇండ్లు కొని, తాళమువేసి, ఏయూరనో కూర్చుండు ధనవంతుడు నిప్పు పెట్టకపోవచ్చును. నిప్పుకు గూడు కట్టినవాడు మాత్ర మతడే.

"వారు జీతము తీసికొని ఇష్టపడియే ఆ పనిలో చేరిరి గదా" యని మఱికొందఱందురు. నిజమే. వారంగీకరించినది అగ్నితోడి అపాయమును. ఇతరుల సోమరితనముతోడి అపాయమును వా రంగీకరింపలేదు. సైనికుడు యుద్ధమునకు సిద్ధపడును. వానికి తుప్పుపట్టిన కత్తి యిచ్చుటకు అది యనుమతి కాదు.

వీరుల నేల స్తుతింపరాదని యడుగవచ్చును. స్తుతింపవలసినదే. కాని స్తుతి రెండు విధములు. ఒకటి చనిపోయినవారి ఋణమును గుర్తించునది, రెండవది ఆ ఋణము తీరిపోయినట్లు నటించునది. శవపేటికలపై జెండాలు కప్పి, కన్నీరు కార్చి, మఱునాడు ఆ వీధిలోనే యింకొక పాడింటి ప్రక్కనుండి తలవంచుకొని పోయినచో ఆ కన్నీరు రెండవ తెగలోనిది. తరగతిలో నేను చెప్పబోయిన త్యాగస్తుతియు ఆ తెగలోనిదే యని యిప్పుడు నాకు తోచుచున్నది. చనిపోయినవారిని మెచ్చుచు, వారిని చంపిన నిర్లక్ష్యమును పాఠమునుండి తొలగించితిని.

అమ్మా, నీ ప్రశ్నకు నా యుత్తరమిది. వారు లేనివారి కొఱకు చనిపోలేదు. ఆ యింట నున్నారో లేరో, ఆ యిల్లు నిలుచునో కూలునో చెప్పవలసిన వారందఱు ఏండ్ల తరబడి యూరకుండుటచేత చనిపోయిరి. రేపు నీ వ్యాసములో త్యాగమునుగూర్చి ఒక పుట వ్రాయుము. ఆ త్యాగము అవసరము కాకుండ జేయదగిన పనులనుగూర్చి రెండు పుటలు వ్రాయుము.