శేషాచలము – మారునది, మారనిది

కృతయుగమున వృషాద్రి, త్రేతాయుగమున అంజనాద్రి, ద్వాపరయుగమున శేషాద్రి, కలియుగమున వేంకటాద్రి. ఒకే కొండకు నాలుగు యుగములలో నాలుగు పేర్లు. అంజనాదేవి తపస్సు చేసిన చోటు గనుక అంజనాద్రి యనిరి. ఆదిశేషుడే కొండయై నిలిచెను గనుక శేషాద్రి యనిరి. పాపములను దహించునది గనుక వేంకటాద్రి యనిరి. పురాణము ఈ పేర్లలో ఏ ఒక్కటియు తప్పని చెప్పలేదు. కాలము మారును, పిలుపు మారును, పిలువబడునది మాత్రము ఒక్కటియే. ఈ రహస్యమును మొదట గ్రహించినగాని తిరుమల యాత్ర సంపూర్ణము కాదు.

ఏలయన, నేడు కొండ నెక్కు పెద్దల నోట తరచుగా ఒక నిట్టూర్పు వినవచ్చుచున్నది. బాల్యమున అవ్వ చేయి పట్టుకొని అలిపిరి మెట్లెక్కి, మోకాళ్ళ పర్వతమువద్ద అలసి కూర్చుండి, గోవిందనామముతో మరల లేచి నడచినవారు, ఇప్పుడు మనుమల చేయి పట్టుకొని బస్సు దిగి, జనప్రవాహమును, వరుసలను, వసతి గృహములను చూచి, "నాటి తిరుమల ఇది కాదు నాయనా!" యని పలుకుదురు. ఆ మాటలో కోపము లేదు. ఇంటికి వచ్చి తల్లి కానరాక వెదకు బిడ్డ బెంగ యున్నది. కావున దానిని తోసిపుచ్చుట తగదు. నాటి తిరుమల ఏది? నేటి తిరుమలలో అది కలదా, లేదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెను.

మొదట మారినవానిని చూతము. ప్రాచీన తమిళ గ్రంథములు వేంకటమును తమిళదేశమునకు ఉత్తరపు హద్దుగా చెప్పినవి. పన్నిద్దరాళ్వారులలో పదుగురు ఈ కొండను కీర్తించిరి. వారందరి వాక్కు తమిళమే. ఆలయపు గోడలపై శాసనములలో అధిక భాగము తమిళమున నున్నవి. తెలుగు, కన్నడ శాసనములును కలవు. పల్లవులు, చోళులు, యాదవరాయలు, విజయనగర ప్రభువులు ఏలిరి. తరువాత నవాబుల కాలము, 1801 నుండి కుంపిణీ కాలము. 1843 నుండి 1933 వరకు హథీరాంజీ మఠపు మహంతులు పాలన నెరపిరి. పిదప దేవస్థాన కమిటీ ఏర్పడెను. ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండిన కొండ 1911లో చిత్తూరు జిల్లాలోనికి, 1953లో ఆంధ్ర రాష్ట్రములోనికి, 2022లో తిరుపతి జిల్లాలోనికి వచ్చెను. కొండ ఒక్క అడుగైనను కదలలేదు. హద్దులే దాని చుట్టును కదలినవి!

దారియు మారెను. 1944లో మొదటి ఘాటు రోడ్డు, 1974లో రెండవది ఏర్పడినవి. అంతకుముందు శక్తి గలవారు నడచి, లేనివారు డోలీలలో కొండకు చేరెడివారు. రోడ్డు వచ్చిన పిదప మంచము పట్టిన ముదుసలియు, చంటిబిడ్డ తల్లియు స్వామిని సేవింపగలిగిరి. దీనిని నష్టమని ఎట్లనగలము?

ఈ సందర్భమున తిరుమలనంబి చరిత్రము స్మరింపదగినది. భగవద్రామానుజులకు మేనమామయై, రామాయణ రహస్యముల నుపదేశించిన ఆ మహనీయుడు ప్రతిదినము పాపవినాశన తీర్థము నుండి స్వామికి నీరు మోసికొని వచ్చెడివాడు. ముదిమి మీదపడినను ఆ కైంకర్యమును విడువలేదు. ఒకనాడు దారిలో వేటకాని రూపమున ఒక బాలుడు ఎదురై, "తాతా! దాహము" అని నీరడిగెను. ఇది స్వామి నీరు, ఇయ్యరాదని నంబి ముందుకు సాగెను. బాలుడు వెనుక నుండి బాణముతో కుండకు చిల్లు చేసి నీరు త్రాగెను. కుండ తేలికయైనది గమనించి నంబి దుఃఖపడగా, ఆ బాలుడు కొండపై బాణము వేసి, గంగను చూపి, ఇకమీదట ఈ నీరే స్వామికి ప్రీతియని పలికి అంతర్ధానమయ్యెను. అదియే ఆకాశగంగ. ప్రతి సంవత్సరము అధ్యయనోత్సవముల పిమ్మట జరుగు తన్నీరముదు ఉత్సవము ఈ ఘట్టమునకు స్మారకము.

ఈ కథలో దారిని మార్చినది ఎవరు? స్వామియే. వృద్ధుని కాళ్ళకు శ్రమ తగ్గవలెనని తీర్థమును దగ్గరకు తెచ్చెను. తీర్థము మారెను, దూరము తగ్గెను. కాని కుండ దిగలేదు, కైంకర్యము ఆగలేదు. నేటికిని స్వామి తిరుమంజనమునకు ఆకాశగంగ నీరే వచ్చుచున్నది. కావున మార్పు కలిగినంత మాత్రమున క్షేత్రము తన స్వరూపమును కోల్పోవునని భయపడ నక్కరలేదు. మహాభక్తులే ఈ కొండను మార్చిరి. రామానుజుల ఆజ్ఞను తలదాల్చి శ్రీరంగము నుండి వచ్చిన అనంతాళ్వారు చలికి, క్రూరమృగములకు వెరవక ఇచ్చట అడవిని పూదోటగా చేసెను. నిండు చూలాలైన భార్య మట్టి మోయుచుండగా చెరువు త్రవ్వెను. సాయమునకు వచ్చిన బాలుని స్వామియని యెరుగక విసరిన గునపము మహాద్వారమువద్ద నేటికిని భక్తులకు కానవచ్చుచున్నది. స్వామి చుబుకమున కర్పూరము ఆ గాయమును తలపింపజేయుచున్నది. ఆ దినములలో అచ్చటి అడవిని ఎరిగినవాడెవడైనను వచ్చి చూచిన, "నాటి తిరుమల ఇది కాదు" అనియే యనియుండును.

మరి మారనిది ఏది? దానికి సమాధానము కొండ పేరులోనే కలదు. శేషుడనగా ఆదిశేషుడు మాత్రమే కాదు. తన కొరకు గాక ఇతరుని కొరకే ఉండు వస్తువునకు శేషమని పేరు. జీవుడు భగవంతునికి శేషభూతుడు అనుటయే శ్రీవైష్ణవ సిద్ధాంతపు మూలకందము. ఈ కొండ రాయి, నీరు, చెట్టు, పువ్వు అన్నియు ఆయనవి. ఆయన కొరకే యున్నవి. ఈ శేషత్వమే శేషాచలపు స్వరూపము. అది నిలిచినంత కాలము ఎన్ని మేడలు లేచినను ఇది తిరుమలయే. అది పోయినచో, ఒక్క రాయి కదలకున్నను ఇది ఒక కొండ ఊరు మాత్రమే.

ఇందుకు నిదర్శనము కొండపై పువ్వు. తిరుమలకు పుష్పమండపమని పేరు. ఇచ్చట పూచిన పువ్వు స్వామికే గాని మనుజుల తలలోనికి పోరాదు. ఊరిలో పూలు లేనిదే గడప దాటని ఇల్లాలు కూడ కొండపై సిగలో పూవు ముడువదు. ఏ రాజశాసనమును ఆమె చదివి యెరుగదు. తల్లి చెప్పినది, అత్త చెప్పినది, తాను కూతునకు చెప్పును. వేయేండ్ల నాటి అనంతాళ్వారు తోట ఈమె సిగలో లేని పూవునందు సజీవముగ నున్నది.

సేవలయందును ఇట్లే. క్రీ.శ. 966లో పల్లవ వంశపు సామవై దేవి సమర్పించిన వెండి మూర్తియే భోగ శ్రీనివాసుడు. ఆమె వంశము లేదు, ఆమె రాజ్యము లేదు. ధనుర్మాసమున తప్ప ప్రతి రాత్రియు ఏకాంతసేవలో ఊయల పవ్వళించునది ఆ మూర్తియే. తెల్లవారుజామున సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడువగా అర్చకులు ఆలయమునకు వచ్చు ఆచారము నేటికిని కలదు. చేతులు మారుచున్నవి, చేయు పని ఆగుట లేదు.

అట్లని మార్పు లన్నియు సమానమని తలచుట పొరపాటు. మహాద్వారమున కెదురుగా నుండిన వేయికాళ్ళ మండపము 2003లో తొలగింపబడెను. యాత్రికుల రద్దీకి చోటు కావలసి వచ్చినదను మాట సత్యమే. కాని ఆ స్తంభముల నీడలో కూర్చుండి మూటలు విప్పుకొన్నవారి మనస్సులలో ఆ వెలితి తీరలేదు. నిలిపిన చేతులు ఎవరివో తెలియని రాళ్ళును ఒకరి కైంకర్యమే కదా! కావున మార్పు చేయబూనిన ప్రతివారును మొదట తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను: "ఇందువలన స్వామి సేవకు, సేవకుల సేవకు మేలు కలుగునా? మునుపటివారి కైంకర్యము నిలుచునా?" స్వామి నంబికి దారి తగ్గించెను గాని కుండను పగులగొట్టి పారవేయలేదు.

ఇక క్షేత్రమే చెదరిన కాలమున ఏమగునో శ్రీరంగ చరిత్రము చెప్పుచున్నది. 14వ శతాబ్దమున తురుష్క సేనలు శ్రీరంగముపై పడినప్పుడు భక్తులు రంగనాథుని ఉత్సవమూర్తిని రహస్యముగ తరలించి, ఎన్నో చోట్ల దాచి, తుదకు తిరుమల చేర్చిరి. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపము ఆ స్వామి ఆరాధనలందుకొన్న చోటని ప్రసిద్ధి. 1371లో గోపన్న ఆ మూర్తిని మరల శ్రీరంగమున ప్రతిష్ఠింపజేసెను. కావేరి నడుమ గోపురములు మూగవోయిన ఆ దశాబ్దములలో శ్రీరంగము ఎచ్చట నుండెను? ఆ మూర్తిని మోసినవారి భుజములపై నుండెను. నైవేద్యము తప్పనీయని వారి నియమమునందు ఉండెను. అందువలననే మరల రాగలిగెను.

కావున "నాటి తిరుమల ఏది?" అని బెంగపడు పెద్దలు తమ మనుమలకు రోడ్డు లేని కాలపు కష్టములను మాత్రమే చెప్పిన చాలదు. పువ్వు ఎందుకు ముడువరాదో చెప్పవలెను. తాతా యని పిలిచినవాని కథ చెప్పవలెను. వరుసలో నిలిచిన గడియలను విసుగుతో గాక నామముతో నింపుట నేర్పవలెను. ముందువానిని త్రోయక ముదుసలికి దారి విడుచుటయు కైంకర్యమేయని చూపవలెను. అప్పుడు నాటి తిరుమల ఆ బిడ్డ కన్నులలో నిలుచును. క్షేత్రమును కాపాడు బరువు ఆలయమునకు మాత్రమే కాదు, అచ్చటికి వచ్చి మరలు ప్రతి గృహస్థునకును కలదు.

యుగమున కొక పేరు దాల్చిన ఆ కొండ రేపు ఏ పేరు దాల్చునో, ఎట్టి దారులు దాల్చునో ఎవరెరుగుదురు? శేషమై నిలుచుట మాత్రము దాని స్వభావము. దాని నెక్కు మనకును ఆ స్వభావము అబ్బును గాక!